మత్తడి రాయి మీద సున్నం

చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి? ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్నే. చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలా ఉంటుంది. దీనికి జవాబు రాయడానికి ప్రభుత్వం నాకు జీతం, ఒక జీపు, ఒక అల్మరా ఇచ్చింది. అల్మరా తాళంచెవి మాత్రం నేను రిటైరయ్యేదాకా దొరకలేదు.

మీలో కొత్తగా ఇంజనీర్లుగా చేరినవాళ్లకు ఈ ప్రశ్న త్వరలోనే ఎదురవుతుంది. చెరువు పక్కన ఎవరైనా ఇల్లు కట్టాలన్నా, అపార్ట్‌మెంటు లేపాలన్నా, చెరువులు చూసే శాఖ నుంచి అభ్యంతరం లేదని కాగితం కావాలి. ఎన్‌ఓసీ అంటాం. మనం వెళ్లి, చెరువు నిండినప్పుడు నీటి అంచు ఎక్కడ ఉంటుందో కొలిచి, మ్యాపు మీద గీత గీస్తాం. ఎఫ్‌టీఎల్ గీత అంటే అదే. గీత లోపల ఏమీ కట్టకూడదు. గీత దాటాక, చిన్న చెరువైతే, ఇంకో తొమ్మిది మీటర్లు వదలాలి. నియమం ఇంత సులువు. కష్టమల్లా ఏమిటంటే, మనల్ని కొలవడానికి పంపేది ఎండాకాలంలో, చెరువులో నీళ్లు లేనప్పుడు.

ఒకసారి నేను ఆ గీత తప్పు గీశాను. నా తప్పు గీత ప్రకారం ఒక బిల్డరు తన అపార్ట్‌మెంటు కట్టుకోవచ్చు, పక్క గల్లీలో మా లష్కర్ ఇల్లు కూడా క్షేమం. సరైన గీత గీస్తే రెండూ చెరువులోనే. ఈ సంగతి మీకు ముందే చెబుతున్నాను. నాకు ఎవరూ ముందు చెప్పలేదు అని రాయబోయాను. అది నిజం కాదు. చెప్పారు. నేను నవ్వాను.

లష్కర్ అంటే చెరువు కట్ట మీద తిరిగి, తూములు చూసి, వానొస్తే ఆఫీసుకు కబురు చేసే ఉద్యోగి. జీతం పట్టికలో అందరికంటే కింద ఉంటాడు. చెరువు గురించి తెలిసినవాళ్ల పట్టిక ఎవరైనా తయారుచేస్తే దీన్ని తలకిందులు చేయాలి. మా లష్కర్ నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కాతో ఉండేవాడు. ఆయన తాత, తండ్రి ఆ చెరువుకు నీరటివాళ్లు. ఊరు ఊరుగా ఉన్న రోజుల్లో తూము తెరిచి పొలాలకు నీళ్లు పంచిన కుటుంబం. పొలాలు పోయి కాలనీలు వచ్చాయి. పంచడానికి ఏమీ లేకపోయినా చెరువు ఉంది కాబట్టి ఆయనకు ఉద్యోగం ఉంది.

నాది కృష్ణా జిల్లా. కాలవ గట్టున పుట్టినదాన్ని. నీటి గురించి నాకు చాలా తెలుసని నా నమ్మకం. ఆయన మొదటి వారంలోనే దాని సంగతి చూశాడు.

"మేడం, మీ దిక్కు నీళ్లు నడుస్తయ్. మా దిక్కు నీళ్లు కూసుంటయ్. నడిచేటోణ్ని ఆపి అడగొచ్చు ఏడికి పోతున్నవని. కూసున్నోడు ఎంత జాగ పట్టిండో, లేసిపోయినంక ఎట్ల ఎరుకైతది?"

"లెవెల్ మిషన్ ఉంది కదండీ," అన్నాను.

"ఉన్నది. గది గూడ కూసునే ఉంటది, స్టోరు అల్మరాల."

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కిరాయి మేడ మీద, రెండో అంతస్తులో. కింద అంతస్తులో కోచింగ్ సెంటరు. వందమంది పిల్లలు ఒకేసారి సూత్రాలు వల్లె వేస్తుంటే పైన మేం ఫైళ్లు రాసేవాళ్లం. బయట మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది, కోఠిలో పాతపుస్తకాల దగ్గర కొన్నది. జీపు ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా తీసేదాన్ని. లష్కర్ ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, "మేడం, పుస్తకంల చెరువు నిండిందా?" అని అడిగేవాడు. నేను, "ఇంకా వాన పడలేదండీ," అనేదాన్ని. ఇలా మా ఇద్దరి మధ్య ప్రతి మాటా ఎగతాళిగానే నడిచేది. అలవాటైపోయింది. ఆ అలవాటే మా ఇద్దరినీ ముంచింది, లేదా ఒకరిని ముంచింది అనాలి.

ఆ చెరువు ఎల్‌బీ నగర్ వెనకాల. పేరు చెప్పను. ఉన్నదే చిన్న చెరువు. ఒక పక్కన చిన్న చిన్న ఇళ్ల వరస. ఆ వరసలో మూడోది మా లష్కర్‌ది. డెబ్భై ఐదు గజాలు, రెండు గదులు, రేకుల కప్పు. ఇరవై ఏళ్లు కిరాయి ఇళ్లలో ఉండి కట్టుకున్నాడు. గృహప్రవేశానికి పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. మా ఆఫీసంతా వెళ్లి బగారన్నం, కోడికూర తిన్నాం. రిటైరయ్యాక రేకులు తీసి స్లాబు వేసి, పైన ఒక గది వేయాలని ఆయన ఆలోచన. దానికి బ్యాంకు లోను కావాలి, లోనుకు పర్మిషన్ కావాలి, పర్మిషన్‌కు మా శాఖ కాగితం కావాలి. "నా కాగితం మీద మీరే సంతకం పెట్టాలె మేడం. ముందే చెప్తున్న, నేను చాయ్ గూడ తాపియ్య," అనేవాడు.

ఇళ్ల వరస పక్కనే ఒక ఖాళీ స్థలం. దాంట్లో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు కట్టాలని ఒక బిల్డరు ఎన్‌ఓసీకి దరఖాస్తు పెట్టాడు. మా జిల్లావాడే. ఆఫీసుకు రాగానే, "అక్కయ్యగారూ, మీది కాలవ ఇవతలాండీ, అవతలాండీ?" అని అడిగాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్లు ఉన్నా, ఆ ప్రశ్న వినగానే మనసు మెత్తబడుతుంది. లంచం ఇవ్వబోయినవాణ్ని బయటికి పంపడం తేలిక. మన యాసలో మాట్లాడేవాణ్ని అనుమానించడం కష్టం. అతను చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. తన స్థలం చెరువులో లేదని అతనికి ఎవరో చెప్పారు, అతను నమ్మాలనుకున్నాడు. నమ్మాలనుకున్నవాళ్లలో నేను రెండోదాన్ని.

కొలవడానికి మే నెలలో వెళ్లాం. మామిడి సీజను. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ముందు లారీలు అడ్డం పడి గంటన్నర కదల్లేదు. నేను పుస్తకంలో అరవై పేజీలు చదివాను. లష్కర్ దిగి వెళ్లి ఒక డజను మామిడిపండ్లు బేరమాడి తెచ్చాడు. చెరువు చేరేసరికి నడినెత్తిన ఎండ. తొందరగా కొలిచి వెళ్లిపోదామన్న ఆలోచన నాది.

చెరువు నిండు మట్టం ఎంతో మా ఆఫీసు పాత రిజిస్టరులో అంకె ఉంది. కానీ ఆ అంకెను ఏ రాయి నుంచి కొలిచారో ఆ రాయి రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. మొదలు లేని అంకె ఎందుకూ పనికిరాదు. అలాంటప్పుడు ఇంజనీరు చేసే పని ఒకటే. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు ఎక్కడినుంచి పొర్లి బయటికి పోతాయో ఆ గోడ పైఅంచును నిండు మట్టంగా తీసుకోవడం. మా వైపు దాన్ని అలుగు అంటారు, ఇక్కడ మత్తడి అంటారు. నీళ్లు మత్తడి దాటి పైకి లేవవు కాబట్టి లెక్క సరిపోతుంది, మత్తడి మత్తడిలా ఉంటే.

అక్కడి మత్తడి పైఅంచు సిమెంటు పూతతో నున్నగా ఉంది. నున్నగా ఉన్నదాన్ని నమ్మడం మన ఇంజనీర్ల జబ్బు. దానిమీద కొలత పట్టె నిలబెట్టమన్నాను. లష్కర్ నిలబెట్టాడు. మిషన్‌లోంచి చూస్తున్నాను.

"మేడం," అన్నాడు. "గీ సిమెంటు మా నాయిన జమానల లేకుండె."

నేను మిషన్ మీదినుంచి కన్ను తీయకుండానే, "మీ నాయన జమానాలో ఎక్కడా సిమెంటు లేదు కదండీ," అన్నాను.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అంకె రాసుకున్నాను.

ఆ అంకె పట్టుకుని నీటి అంచు గీస్తే అది బిల్డరు స్థలానికి పద్నాలుగు మీటర్ల ఇవతలే ఆగింది. నియమం అడిగేది తొమ్మిది. "అభ్యంతరం లేదు" అని రిపోర్టు రాసి ఈఈ గారికి పంపాను. ఈఈ గారంటే మా డివిజన్ పెద్ద. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఫైలు వచ్చిన వెంటనే సంతకం పెట్టరు. బల్లకు ఎడమ పక్కన పెట్టి, "కొంచెం మాగనివ్వండి," అనేవారు. మామిడికాయల్లాగా ఫైళ్లు మాగడానికి ఒక వరస ఉండేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఆ పద్ధతికి ఒక దండం పెట్టాలనిపిస్తుంది. నా ఫైలు రెండు నెలలు మాగింది.

జులైలో ఒక సాయంత్రం మొదలైన వాన తెల్లవారేదాకా కురిసింది. పొద్దున్నే నేను, లష్కర్ చెరువులన్నీ చూడడానికి బయల్దేరాం. ఈ చెరువు దగ్గరికి వచ్చేసరికి మత్తడి మీదినుంచి నీళ్లు ధారగా పోతున్నాయి. నేను బిల్డరు స్థలం వైపు చూశాను. నీటి అంచు దానికి చాలా దూరంలో, నేను గీసిన చోటే ఆగి ఉంది. నాకు గర్వమేసింది.

"చూశారా? నా గీత మీదే ఆగాయి నీళ్లు. మిషన్ కూర్చునే ఉంటుందన్నారు కదా!"

ఆయన నవ్వలేదు. మత్తడి కింద నాలా వైపు చూస్తున్నాడు. నాలా పక్కన కింది బస్తీలో ఇళ్లలోకి మోకాళ్లలోతు నీళ్లు వెళ్లాయి. ఒక ముసలామె మంచం మీద మంచం వేసి, దానిమీద కూర్చుని ఉంది. పక్కన ఒక కోడిని కూడా కూర్చోబెట్టుకుంది. లష్కర్‌ను చూసి అక్కడినుంచే కేకేసింది.

"ఏందిరా కొడకా, గీ నీళ్లు? మీ నాయిన ఉన్నప్పుడు గిట్ల ఎన్నడన్న ఒచ్చినయా? నువ్వేం నీరటోనివిరా?"

ఆయన నా వైపు తిరిగాడు. "మేడం, జర నా ఎంబడి రండ్రి," అన్నాడు.

మత్తడి అవతలి కొసకు తీసుకెళ్లాడు. అక్కడ సర్కారు తుమ్మ అడవిలా పెరిగి ఉంది. కొడవలి వెంట తెచ్చుకున్నాడు, అంటే ఇంటి దగ్గరే నిర్ణయించుకుని బయల్దేరాడు. కొమ్మలు కొట్టాడు. లోపల మత్తడి పక్కగోడకు ఆనుకుని ఒక నిలువు రాయి. నా నడుము ఎత్తున దానిమీద ఒక అడ్డపట్టీ. దగ్గరికి వెళ్లి చూస్తే అది పట్టీ కాదు, పొరలు. అడుగున పసుపు, ఎండి నల్లబడిన కుంకుమ. దానిమీద తెల్లగా సున్నం, పొర మీద పొర. అన్నీ ఒకే ఎత్తులో, ఒకే గీత మీద.

"చెరువు నిండి మత్తడి దుంకిన పొద్దు మా నాయిన ఒచ్చి నీళ్లు ఏడికుంటే గాడ పసుపు పెడుతుండె. నాయిన పోయినంక నేను పెట్టిన. మేం బాప్తిస్మం తీసుకున్నంక పాస్టరు పసుపు వద్దన్నడు. సున్నానికి ఏ మతం లేదు గదా అని సున్నం పెట్టిన."

నేను కింద పారుతున్న మత్తడిని, నా నడుము దగ్గరున్న గీతను మార్చి మార్చి చూశాను.

"అంటే మత్తడి కోసేశారు," అన్నాను.

"మూడేండ్లాయె. ఎవరో రాళ్లు తీసిండ్రు, పైన సిమెంటు పూసిండ్రు. అప్పటిసంది నేను సున్నం పెట్టలే. నీళ్లు గీడిదాక ఒస్తలేవు. ఆగాల్సినయి ఆగక కింద బస్తీకి పోతున్నయ్."

"మరి మే నెలలో నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్పిన మేడం. సిమెంటు మా నాయిన జమానల లేకుండె అన్న. మీరు నవ్విండ్రు. మీరు నవ్వినంక నేను గూడ నవ్విన." కొడవలి చివరతో చెప్పుకు అంటిన బురద గీకుతున్నాడు. "నవ్వినందుకు నా ఇల్లు బతికింది. అందుకని మళ్ల చెప్పలే."

అప్పటిదాకా నాకు ఆయన ఇల్లు గుర్తుకే రాలేదు. రెండున్నర అడుగుల తేడా. అక్కడి నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. నీళ్లు రెండున్నర అడుగులు లేస్తే అంచు నూరు అడుగులకు పైగా వెనక్కి జరుగుతుంది. బిల్డరు స్థలం మునిగి, ఇళ్ల వరస దాకా వస్తుంది. ఆ ఇళ్లు లేచాక, మత్తడి కోసేలోపు చెరువు ఒక్కసారీ నిండలేదు కాబట్టి అది ఎవరూ చూడలేదు.

మిషన్ దింపించాను. రాయి మీది గీతను మొదలుగా పెట్టుకుని మళ్లీ కొలిచాం. పట్టె పట్టుకుని ముందు నడిచేది ఆయనే కదా. బిల్డరు స్థలం దాటాడు. మొదటి ఇల్లు, రెండో ఇల్లు. మూడో ఇంటి గడప మీద పట్టె నిలబెట్టాడు. మిషన్‌లోంచి చూస్తే అద్దంలో పట్టె మీది అంకెలు, వాటి పక్కన ఆయన వేళ్లు, వెనకాల తలుపు సందులోంచి ఆయన భార్య. ఏం కొలుస్తున్నారో ఆమెకు తెలియక నాకు నవ్వుతూ చెయ్యి ఊపింది.

"ఎంత మేడం?" అని అరిచాడు.

"జానెడు," అన్నాను.

"గడప మీదికా, కిందికా?"

"మీదికండీ."

పట్టె మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. జీపు ఎక్కాం. ట్రాఫిక్‌లో ఆగినా నేను పుస్తకం తీయలేదు. చివరికి నేనే అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను అన్న మాటల్లో సిగ్గుపడాల్సిన మాట అదే, అయినా రాస్తున్నాను.

"ఇళ్ల వరస దగ్గర గీతను కొంచెం వంచవచ్చండీ. పాత ఇళ్లు కదా, మొరం పోసి మెరక చేశారని రాస్తాను. ఎవరూ అడగరు."

ఆయన ముందు సీటులోంచి వెనక్కి తిరిగాడు. మే నెల నుంచి దాచుకున్న నవ్వంతా ముఖం మీదికి వచ్చింది.

"నీళ్లు వంగుతయా మేడం?"

మర్నాడు ఈఈ గారి గదిలోకి వెళ్లి, ఎడమ పక్క దొంతరలోంచి నా ఫైలు వెనక్కి అడిగాను. ఎందుకన్నారు. నేను తీసిన మట్టం తప్పు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తప్పు కిందివాళ్లది అని రాసిన ఫైళ్లు చూశాను. పైవాళ్లది అని గుసగుసలు విన్నాను. నాది అని రాసిన ఫైలు ఇదే మొదటిసారి చూడటం. దీన్ని ఏ దొంతరలో పెట్టాలమ్మా?"

"మీ ఇష్టం సార్."

"సరే, ఆధారం ఏమిటని రాస్తావు? పసుపు పెట్టిన రాయి అనా?"

"పసుపు, సున్నం. రెండూ సార్."

"రెండు మతాలూ ఒప్పుకున్న మట్టం అన్నమాట. కోర్టులో నిలబడుతుంది," అని ఆయన నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, రాయి ఒక్కటే చాలదు, చెరువు చూసే మనిషి ఊరివాళ్ల ముందు చెప్పి పంచనామా మీద సంతకం పెట్టాలి అన్నారు. ఆ మనిషి ఇల్లు ఎక్కడుందో చెప్పాను. ఆయన మళ్లీ కళ్లద్దాలు తుడుచుకున్నారు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

పంచనామా రోజు చెరువు కట్ట మీద పదిహేను మంది చేరారు. కింది బస్తీ ముసలామె వచ్చింది. బిల్డరు వచ్చాడు. రాయిని చూశాడు, నన్ను చూశాడు. "అక్కయ్యగారూ, మన ఊరి మనిషనుకున్నానండీ," అన్నాడు మెల్లగా. బెదిరింపు కాదు, బాధే. తర్వాత లష్కర్ వైపు తిరిగాడు.

"ఏమయ్యా, సంతకం పెడితే నీ ఇల్లు కూడా పోద్ది. తెలుసా?"

"పోదు సార్," అన్నాడు లష్కర్. "ఇల్లు ఏడికి పోతది? నీళ్లే ఒస్తయ్."

కాగితం ఆయన ముందు పెట్టాను. పెన్ను తీసుకున్నాడు. అరచేతి మీద గీసి చూశాడు. "మేడం, గీ పెన్ను మంచిగ రాస్తలే," అన్నాడు. ఇంకోటి ఇచ్చాను. దాన్నీ అరచేతి మీద గీశాడు. నీలం గీత స్పష్టంగా పడింది. దాన్ని కాసేపు చూసుకున్నాడు. అప్పుడు ముసలామె, "పెట్టురా కొడకా, మీ నాయిన చూస్తుండు," అంది. "నాయిన సూస్తలేడు పెద్దమ్మా, నా పెండ్లాం సూస్తున్నది. గదే పరేషాన్," అని సంతకం పెట్టాడు. అందరూ నవ్వారు. ఆయన భార్య ఇంటి ముందు నిలబడి నిజంగానే చూస్తోంది. ఈసారి ఆమె చెయ్యి ఊపలేదు.

ఎన్‌ఓసీ నిరాకరించాం. మరుసటి ఎండాకాలం మత్తడిని పాత ఎత్తుకు కట్టించాం. ఆ తర్వాత కింది బస్తీలోకి అసలు నీళ్లు రాలేదు అని రాస్తే బాగుండేది. వచ్చాయి. కానీ తక్కువగా, ఆలస్యంగా వచ్చాయి, మంచం మీద మంచం వేయాల్సిన అవసరం లేనంతగా. మన ఉద్యోగంలో విజయం అంటే ఇంతే. ఇంతకంటే పెద్దది ఎవరైనా చెబితే వాళ్ల అంకెలు సరిచూడండి.

లష్కర్ ఇల్లు కూలగొట్టలేదు. పాత ఇళ్లను అలా ఉంచారు. కానీ గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టారు. స్లాబుకు పర్మిషన్ లేదు, లోను లేదు, పైగది లేదు. అమ్ముదామన్నా కొనేవాళ్లు లేరు. ఆయన నా దగ్గరికి ఎన్‌ఓసీకి రాలేదు. తాను రిటైరైన రోజు నాకు చాయ్ మాత్రం తాగించాడు. "ఇగ మీతోని పని లేదు గదా మేడం, తాగుండ్రి," అన్నాడు.

రిటైరయ్యాక ఆయన చేసిన మొదటి పని, ఇంట్లో మొరం పోయించి నేలను రెండడుగులు లేపడం. గడప ముందు మూడు మెట్లు వచ్చాయి. నేల లేచింది కానీ రేకులు లేవలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లోకి వెళ్లే ప్రతివాళ్లూ తల వంచాల్సిందే. ఒకసారి ఈఈ గారు వెళ్తే, తలవంచుకుని లోపలికి వస్తున్న ఆయనకు లష్కర్ ఎదురు వెళ్లి, "నమస్కారం ముందు నేను పెట్టాలె గదా సార్, మీరెందుకు," అన్నాడట. ఆ మాట ఈఈ గారే నాకు ఫోన్ చేసి చెప్పి, చాలాసేపు నవ్వారు.

మంచి వానలు పడ్డ ఏడాది చెరువు నిండి, నీళ్లు మొదటి మెట్టు మీదికి వచ్చేవి. ఆ రోజు నాకు ఫోన్ వచ్చేది. "మేడం, మత్తడి దుంకింది. మీ గీత కరెక్టే," అనేవాడు. ఏటా అదే మాట.

ఆయన ఈ సంవత్సరం వానలకు ముందు పోయాడు. వారం రోజులు దవాఖానలో ఉన్నాడు. నేను చూడటానికి వెళ్లిన రోజు కూడా, నా చేతిలో పుస్తకం చూసి కనుబొమ్మ ఎగరేశాడు. మాట రాలేదు. అడిగింది అర్థమైంది. ఇంకా వాన పడలేదండీ, అన్నాను. శవపేటికను ఇంట్లోంచి బయటికి తెచ్చేటప్పుడు మోస్తున్నవాళ్లంతా నడుము దగ్గర వంగాల్సి వచ్చింది. నేను రోడ్డు మీద నిలబడి చూశాను. ఆయన ఉంటే దానిమీద ఒక మాట అనేవాడు. ఏమనేవాడో చాలా ఆలోచించాను, తట్టలేదు. ఎగతాళి చేయడం ఇద్దరు చేసే పని.

ఆగస్టులో చెరువు నిండింది. ఫోన్ రాలేదు. వస్తుందని కాదు కానీ, మధ్యాహ్నం దాకా పక్కన పెట్టుకునే కూర్చున్నాను. తర్వాత ఆటో ఎక్కి వెళ్లాను. పండ్ల మార్కెట్ ఎప్పుడో వెళ్లిపోయింది, దారిలో ఎక్కడా ఆగలేదు. అంత తొందరగా చేరడం నాకు అలవాటు లేదు.

నీళ్లు మొదటి మెట్టు మీద ఉన్నాయి. ఆయన భార్య ఇంటి పక్క సందులోంచి వచ్చింది. నన్ను చూడగానే దగ్గరికి పిలిచింది. మెట్ల పక్క గోడ చూపించింది. అప్పటిదాకా నేను గమనించలేదు. మత్తడి దగ్గరి రాయి కట్టడం పనిలో లోపల కలిసిపోయాక, ఆయన సున్నం పెట్టడం ఇక్కడ మొదలుపెట్టాడు. మొదటి మెట్టు ఎత్తున గోడ మీద తెల్లటి గీత, పొర మీద పొర. శాఖవాళ్లు పెట్టిన ఎర్ర గుర్తుకు సరిగ్గా ఆనుకుని.

"ఇయ్యాల పెట్టాలె మేడం. నాకు చెయ్యి ఒణుకుతది. మీరే పెట్టుండ్రి," అని సున్నం గిన్నె, కుంచె తెచ్చింది.

చెప్పులు విప్పి మెట్టు మీద వంగాను. నీళ్లు చీలమండల దాకా వచ్చాయి, చల్లగా ఉన్నాయి. మిషన్ లేకుండా, పట్టె లేకుండా, నీళ్లు ఎక్కడ ఉంటే అక్కడ గీత పెట్టడం నా జీవితంలో అదే మొదటిసారి. జాగ్రత్తగానే పెట్టాను. లేచి నిలబడి చూశాను.

ఆమె కూడా చూసింది. తల ఒక పక్కకు వంచి, ఇంకో పక్కకు వంచి చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంజనీరమ్మవు గదా, గింత వంకర పెట్టినవేంది మేడం?" అంది. "ఆయనుంటే చెరిపి మళ్ల పెట్టుమంటుండె."

చెరిపి మళ్లీ పెట్టాను.